వర్ధన్నపేటకు పెండ్లి క్యాసెట్టు

ఆ ఆదివారం పొద్దున లింగమూర్తి పెట్టుకున్న పని చాలా చిన్నది. చౌరస్తాలో సారంగపాణి వీడియో దుకాణానికి వెళ్లి కూతురు సరోజన పెండ్లి క్యాసెట్టు తీసుకోవాలి, మధ్యాహ్నం బస్సెక్కి వర్ధన్నపేటలో అన్న ఇంట్లో ఉన్న తల్లి మల్లవ్వకు వినిపించాలి. కాలు విరగడంతో ఆమె మనవరాలి పెండ్లికి రాలేకపోయింది. కళ్లకు పొరలు కమ్మి బొమ్మలు ఆనవు. ఇక ఆ పెండ్లిని చెవులతోనే చూడాలి.

పెండ్లి తీసింది బీటా క్యాసెట్టు మీద. వర్ధన్నపేటలో కిరాయికి దొరికే వీడియో డెక్కులో వీహెచ్ఎస్ రకం క్యాసెట్టు తప్ప మరొకటి పట్టదు. అందుకని సారంగపాణి రెండు డెక్కులు పక్కపక్కన పెట్టి పెండ్లిని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎక్కించాడు. ముసలమ్మకు గట్టిగా వినపడాలని మధ్యలో మైకుసెట్టు యాంప్లిఫయర్ కూడా తగిలించాడు.

వేసి చూస్తే బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. మాటలు మాత్రం లేవు. మొదటి నుంచి చివరి దాకా ఒకటే గుంయ్‌మనే మోత.

"మా మగ్గాల షెడ్డుల నయమున్నది అన్నా," అన్నాడు లింగమూర్తి. "బొమ్మ లేకున్న నడుస్తది గని, మాట లేకుంటె మా అవ్వకు ఏం తీస్కపోవాలె?"

"ఫికర్ చెయ్యకు తమ్మీ. మాటలు మళ్ల ఎక్కిద్దాం. పెండ్లి చేసిన పంతులును, బ్యాండోళ్లను పిలువు. బొమ్మ నడుస్తాంటె మైకుల చెప్తరు."

గంటలో పంతులు వీరభద్రం వచ్చాడు. మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకుని ఆగిపోయాడు. "ఎదురుంగ జంట లేకుంటె నాకు మంత్రం రాదయ్యా."

సరోజన స్టేషన్ ఘన్‌పూర్‌లో అత్తగారింట్లో ఉంది. చేసేది లేక సారంగపాణి తానే ఒక పీట మీద కూర్చున్నాడు. పక్క పీట మీద, దుకాణం ముందు పూలమ్మే సమ్మమ్మను పూలబుట్టతో సహా కూర్చోబెట్టాడు. ఆమెకు అరవై దాటాయి.

"కూసుంటె సాలునా? ఏమన్న అడుగుతరా?" అంది సమ్మమ్మ.

"ఊకెనే కూసో అవ్వా," అంటూ సారంగపాణి మైకును నేరుగా డెక్కుకు తగిలించి రికార్డింగు మీట నొక్కాడు.

లోపల చోటు లేక బ్యాండువాళ్లు మెట్ల మీద నిలబడి మేళం ఎత్తుకున్నారు. ఎనుమాముల మార్కెట్టుకు పోయే మిర్చి బండ్లు ఆగాయి. జనం మూగారు. సైకిల్ మీద పోతున్న, సారంగపాణికి తమ్ముడి వరుసయ్యే రాయమల్లు తొంగిచూసి, నేరుగా సారంగపాణి ఇంటికి తొక్కాడు.

"వదినా, అన్న పీటల మీద కూసున్నడు. పంతులు మంత్రాలు సదువుతాండు."

"ఎవరితోని?" అంది సారంగపాణి భార్య యాకమ్మ.

"జనం అడ్డమున్నరు, కనపడలే."

యాకమ్మ పిండి చేతులతోనే వచ్చింది. సరిగ్గా మైకు పక్కన నిలబడింది. "ఇరవై ఏండ్ల సంది వండి పెడ్తాన. నేనేం తక్కువ జేసిన్నని ఇంకోదాన్ని జేసుకుంటానవ్?"

"నాకేం తెల్వది బిడ్డా, కూసోమంటె కూసున్న," అంటూ సమ్మమ్మ లేచింది.

ఆమెను చూశాక యాకమ్మ కోపానికి నిలబడే చోటు లేకుండా పోయింది. అంత దూరం వచ్చి ఊరికే పోలేక, చేతికందిన యాంప్లిఫయర్ వైర్లు పట్టి ఊడబెరికింది. ఒకటి తెగింది.

సారంగపాణి సంగతంతా చెప్పుకుని, ఇక గతిలేక వైరును ఒక డెక్కు నుంచి ఇంకో డెక్కుకు నేరుగా తగిలించాడు. టీవీలోంచి సరోజన గొంతు స్పష్టంగా వచ్చింది: "బాపూ, నానమ్మకు లడ్డూలు పంపిన్రా?" మోతంతా ఆ యాంప్లిఫయర్‌దే. లింగమూర్తి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. యాకమ్మ అందరికీ చాయ్ తెప్పించింది.

బస్సు వేళకు కొత్త కాపీ తయారైంది. కంగారులో లింగమూర్తి పక్కనున్న, పీటల మీది మాటలెక్కిన పాత కాపీ పట్టుకుని పరుగెత్తాడు.

వర్ధన్నపేటలో మల్లవ్వ మంత్రాలు విన్నది, మేళం విన్నది, తర్వాత యాకమ్మనూ విన్నది. లింగమూర్తి డెక్కు ఆపబోతే చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యి కొడుకా. అంత మంచిగనే అయిందని మీరు చెప్తాంటె నేను నమ్మలే."

మరుసటి ఆదివారం అసలు క్యాసెట్టు తెచ్చాడు. సరోజన గొంతు వినగానే మల్లవ్వ మంచం మీద నిటారుగా కూర్చుంది. "అందినయి బిడ్డా, లడ్డూలు అందినయి," అని టీవీకి జవాబు చెప్పింది. మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని వింది. తృప్తిగా వెనక్కి వాలి, పోయిన వారం క్యాసెట్టులో అరిచినామె ఎవరి తరఫు అని అడిగింది.

మగపెండ్లివాళ్ల తరఫు అని చెప్పాడు లింగమూర్తి.