విశ్రాంతి దిన నిర్ణయ మహాసభ

దేవుడు విశ్రాంతి దినంగా ఏర్పరచినది శనివారమా, ఆదివారమా అన్న సంగతి తేల్చడానికి రాజోలు దగ్గర ఒక లంక ఊళ్లో కిందటి నెల బహిరంగ మహాసభ జరిగింది. విశ్రాంతి మీద సభ కాబట్టి ఏర్పాట్ల కోసం ఊరివారు వారం రోజులు నిద్ర మానుకున్నారు.

అంతకుముందు అక్కడ ఒకటే సంఘం, ఒకటే ఆదివారం. పాస్టరు కృపారావుగారు బోధించేవారు, జనం కునుకు తీసేవారు. ఏడాది కింద పరంజ్యోతిగారనే పాస్టరు కాలవ అవతల షెడ్డు వేసి, అసలు రోజు శనివారమేననీ, ఇన్నేళ్లూ ఊరంతా తప్పు రోజున కునికిందనీ రుజువు చేశారు. సగం ఊరు కాలవ దాటింది.

రొయ్యల రైతు వరప్రసాదం శనివారంలో చేరాడు. వాళ్లమ్మ సీతారత్నంగారు ఆదివారంలోనే ఉండిపోయింది. ఇద్దరూ గొప్ప భక్తిపరులు. శనివారం అతను రొయ్యల చెరువు వంక కన్నెత్తి చూడడు. ఆదివారం ఆవిడ తమలపాకుకి సున్నమైనా స్వయంగా రాసుకోదు.

వరప్రసాదం భార్య ప్రసన్న కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. ఒక్కరోజు పొద్దెక్కేదాకా పడుకుంటే చాలుననుకుని సెలవు మీద వచ్చింది. భర్త తరఫున శనివారం మనిషని ఒక సంఘం, అత్తగారి తరఫున ఆదివారం మనిషని రెండో సంఘం ఆమెను ప్రేమగా చేర్చుకున్నాయి. ఆరాధన అయ్యాక పెట్టే ప్రేమవిందు వంట రెండు రోజులూ ఆమెకే దక్కింది. అందుకే సభ అనగానే ఊళ్లో అందరికంటే గట్టిగా ప్రార్థించింది ప్రసన్నే. ఎవరు గెలిచినా సరే, ఎవరో ఒకరు ఓడితే తనకొక రోజు మిగులుతుంది.

సభ గురువారం వైభవంగా మొదలైంది. ప్రభువు సమాధిలోంచి లేచింది ఆదివారమని కృపారావుగారు గర్జించారు. పరంజ్యోతిగారు సృష్టి మొదలైన వారం నుంచీ రోజులు లెక్కపెట్టుకొచ్చారు. శనివారం మైకు స్విచ్చి వేస్తే పాపమా అని ఒకరు, ఆదివారం కోడిని కోస్తే పని కాదా అని ఇంకొకరు నిలదీసుకున్నారు. టెంటు వెనక ప్రసన్న ఉభయ వర్గాలకూ వండుతోంది.

మధ్యాహ్నం దాటినా ఎవరూ ఓడలేదు. ప్రసన్న గరిటె పక్కన పెట్టి, పసుపు చేతులతోనే సభలోకి వచ్చింది.

"అయ్యగారండీ, ఏ రోజైనా సరేనండి. ఆ రోజు నేను కూడా పొయ్యి ఆపుకోవచ్చాండి?"

పాస్టర్లిద్దరూ ఒకే బైబిలు మీదికి వంగారు. ఆ రోజు పని చేయకూడనివారెవరో దేవుడిచ్చిన విశ్రాంతి దినపు ఆజ్ఞలో స్పష్టంగా ఉంది. కొడుకున్నాడు, కూతురుంది, దాసుడూ దాసీ ఉన్నారు, పశువులున్నాయి, ఇంట్లో ఉన్న పరదేశి కూడా ఉన్నాడు. ఎంత వెతికినా భార్య తగల్లేదు.

"ఇందులో నువ్వు లేవమ్మా," అన్నారు పరంజ్యోతిగారు బాధగా.

"మా బోధా అదేనండి," అన్నారు కృపారావుగారు. ఏడాదిగా వారు ఏకీభవించిన మొదటి విషయం ఇదే కావడంతో సభ చప్పట్లతో మారుమోగింది. వారు కౌగిలించుకున్నారు. వరప్రసాదం కళ్లు తుడుచుకున్నాడు.

"పనిమనిషి ఉందాండి?" అంది ప్రసన్న.

"ఆయ్, ఉందమ్మా."

"పరదేశమ్మాయండి?"

"ఉన్నట్టేనమ్మా."

ఆమె టెంటు వెనక్కి వెళ్లింది. అందరికీ వడ్డించి, మర్నాడు కువైట్‌కి ఫోన్ చేసింది. ఇంకా సెలవుండగా అప్పుడే ప్రయాణమేమిటని సీతారత్నంగారు అడిగింది.

"నిద్దరొత్తందండి, అత్తయ్యగారండీ," అంది ప్రసన్న. అక్కడ ఆమె దాసీ, పరదేశీ కూడా. శుక్రవారం మధ్యాహ్నం మేడమ్ సెలవిస్తుంది.

రోజు సంగతి తేలలేదు గనుక ఊరివారు రెండూ ఉంచుకున్నారు. వంటకి జీతానికి మనిషిని పెడదామని ఎవరో అంటే, జీతగత్తె దాసి కిందికి వస్తుందనీ, ఆమెచేత పని చేయిస్తే ఆజ్ఞ మీరినట్టేననీ ఉమ్మడి కమిటీ తోసిపుచ్చింది. ఇకమీదట ప్రేమవిందు వంటకి భార్యలు మాత్రమే అర్హులు. వారిని అడగనక్కరలేదు, భర్తలు పేర్లు చెబితే చాలునని మైకులో ప్రకటించారు. సాయంత్రానికల్లా పేర్లు వచ్చిపడ్డాయి. బైబిలు మొహమెరగని హిందూ సోదరులు సైతం, పద్ధతి బాగుందని మెచ్చుకుని, తమ ఇళ్లలోని పేర్లు చెప్పి వెళ్లారు. పాఠక మహాశయులు శ్రమపడి రానవసరం లేదు. తమరి ఇంటావిడ పేరు తమరు పెళ్లినాడే ఇచ్చేశారు.