పదిహేడో నంబరు కుర్చీ శిఖరారోహణ

మనిషికి పరుగెత్తడం పుట్టుకతోనే వస్తుంది. పరుగెత్తినట్టు రుజువు చేసుకోవడం మాత్రం ప్రభుత్వం నేర్పితేనే వస్తుంది. ఈ సత్యాన్ని కనిపెట్టింది నేనేనని చెప్పుకోను గానీ, 1992లో దాన్ని సూర్యాపేటలో అమలు చేసిన కమిటీకి రికార్డు గుమాస్తాను నేనే. పేరు ఐలయ్య, తెలిసినవాళ్లు ఐలన్న అంటారు. ముద్ర, ఇంకు ప్యాడు, స్టాకు రిజిస్టరు నా ఆధీనంలో ఉండేవి. అందువల్ల కమిటీలో అందరికంటే చిన్నవాణ్ణీ నేనే, అందరికీ అవసరమైనవాణ్ణీ నేనే.

ఆ ఏడు జనవరిలో పై నుంచి ఒక సర్క్యులర్ దిగింది. యువత దారుఢ్యం కోసం ప్రతిచోటా ఒక కొండదారి మారథాన్ జరపాలి. దారి రాళ్లూ రప్పలతో దుర్గమంగా ఉండాలి. నడుమ ఐదు వందల అడుగులకు తగ్గని కొండ ఒకటి ఎక్కి దిగాలి. కొండ లేనివాళ్లు ఏం చేయాలో అందులో లేదు. (సర్క్యులర్లు ప్రశ్నలు అడగవు, జవాబులు చెప్పవు. వాటి పని దిగడం.) రాళ్లూ రప్పలకు మాకేం కొదవ లేదు, మా రోడ్లే అవి. కొండ ఒక్కటే వెతుక్కోవలసి వచ్చింది.

కమిటీకి ప్రత్యేకాధికారి సుధాకర్ గారు. కోదాడ మనిషి, మంచి మనిషి, మోకాళ్ల నొప్పుల మనిషి. కొలతల గుమాస్తా బుచ్చయ్య. ఈ ఇద్దరూ జీపులో మూడు రోజులు తిరిగి, పెన్‌పహాడ్ దాటాక దుప్పలగుట్టను ఖాయం చేశారు. తీరా కొలిస్తే రెండు వందల నలభై అడుగులే తేలింది. సుధాకర్ గారు ఆ పూట టీ కూడా తాగలేదు.

"కొలత ఏడికెల్లి మొదలువెట్టాల్నో కాయితంల ఉన్నదా సార్?" అని అడిగాడు బుచ్చయ్య.

"లేదయ్యా."

"లేకుంటె మనిష్టమే గద. తిరుమలగిరిల మా మేనమామ బోరేసిండు. రెండు వందల డెబ్బై ఫీట్లు వోయినా సుక్క నీళ్లు వడలే. ఆ బోరు అడుగుకెల్లి కొలుద్దాం."

అలాగే కొలిచారు. ఐదు వందల పది అడుగులు వచ్చింది. ఎక్కువ వచ్చిన పది అడుగులను సుధాకర్ గారు వచ్చే ఏటి పందేనికి నిల్వ చూపించమన్నారు. నీళ్లు పడని బోరు ఒకటి నలుగురికి పనికిరావడం మా వైపు అదే మొదటిసారి. మేనమామ ఆ సంగతి విని బుచ్చయ్యకు కబురు పంపాడట, ఇంకో రెండు బోర్లు కూడా ఉన్నాయి, కావలిస్తే వాడుకోమని.

దారి సూర్యాపేటలో మొదలై, పెన్‌పహాడ్ మీదుగా గుట్ట ఎక్కి, అవతల దిగి మిర్యాలగూడలో ముగుస్తుంది. నలభై రెండు కిలోమీటర్లు. నిబంధనలు ముప్పై ఒకటి, అన్నీ నేనే రాశాను. పోటీదారు పరుగెత్తగలడని డాక్టరు సర్టిఫికెట్ తేవలెను. దారిలో అధికారి నడుచుచున్నచో ఆయనను దాటి పరుగెత్తరాదు. ఇలాంటివి. నాకు అన్నిటికంటే నచ్చింది తొమ్మిదోది: "శిఖరము చేరినట్లు అచటి అధికారి ముద్రను గాని, శిఖరమునకు చెందిన ఏదేని ప్రభుత్వ ఆధారమును గాని గమ్యమున చూపవలెను." ఆ 'గాని' రెండుసార్లు ఎందుకు పెట్టానో నాకు తెలియదు. చెవికి బాగుందని పెట్టాను.

దరఖాస్తులు నలభై రెండు వచ్చాయి. నలభై ఒకటి కమిటీవారి బంధువర్గం నుంచి, ఒకటి కమ్లి నుంచి.

కమ్లిది దుప్పలగుట్ట కింది తండా. ఏడో తరగతి పాసు. గుట్ట మీదికి పోయి కట్టెలమోపు దించుకురావడం ఆమెకు రోజూ ఉన్న పని. మిర్యాలగూడలో ఒక ఆడపిల్లల హాస్టల్లో అటెండర్ పోస్టు పడింది, ఏడు పాసై పరుగుపందెం సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు. పందెం ఆదివారం. పోస్టుకు ఆఖరు తేదీ ఆ వచ్చే శుక్రవారం. బడిలో వేసిన పుట్టినతేదీ లెక్కన జూన్ దాటితే ఆమెకు వయసు మీరిపోతుంది.

"నా బిడ్డ ఆ హాస్టల్లనే సదువుతది సారూ," అంది. "రెండుమాట్ల గుట్టెక్కి ఇంటికి ఉర్కొచ్చింది. నేను గాడ ఉంటె బడి ఇడిసిపెట్టది."

(పదేళ్ల పిల్ల మిర్యాలగూడ నుంచి గుట్ట మీదుగా తండాకు రెండుసార్లు పరుగెత్తింది. రిజిస్ట్రేషన్ లేదు కనుక అవి అనధికార పరుగులు.)

"ఉరికితె రాసిస్తరు గద సారూ?"

"రాసివ్వడమే నా పని," అన్నాను. అన్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

శనివారం నాడు శిఖరం మీద ఆఫీసు ఏర్పాటు చేయవలసి వచ్చింది. అధికారి డ్యూటీలో ఉన్నప్పుడు సొంత కుర్చీలోనే కూర్చోవాలి. సుధాకర్ గారి కుర్చీ టేకుది, చేతులున్నది, వెనక కాలి మీద తెల్ల పెయింటుతో పదిహేడో నంబరు వేసినది. గుట్ట మీదికి దాన్ని మోయగల ఉద్యోగి కమిటీలో లేకపోవడంతో తండాకు కబురు పంపాము. కమ్లి, ఆమె తండ్రి గేమ్యా వచ్చారు. ఆయన బల్ల మోశాడు, ఆమె కుర్చీ మోసింది. నేను కింద నిలబడి స్టాకు రిజిస్టరులో "కుర్చీ నం. 17, ఆఫీసు నుండి శిఖరమునకు" అని రాసి సంతకం పెట్టాను.

ఆదివారం ఉదయం ఆరున్నరకు సూర్యాపేటలో సుధాకర్ గారు పచ్చజెండా ఊపారు. అంతకు ముందు కమ్లి నా దగ్గరికి వచ్చి, గుట్ట మీద ఏం చేయాలో ఇంకోసారి చెప్పమంది. తొమ్మిదో నిబంధన చదివి వినిపించాను. "ముద్ర గాని, సర్కారు వస్తువ గాని," అని మనసులో పెట్టుకుంది. వెయ్యి మందికి సర్క్యులర్లు చదివి వినిపించాను నా సర్వీసులో. అంత శ్రద్ధగా విన్న మనిషిని మళ్లీ చూడలేదు.

మేము జీపులో ముందుగా గుట్ట దగ్గరికి చేరుకున్నాము. సుధాకర్ గారు దిగి, పైకి చూసి, మళ్లీ జీపు మెట్టు మీదే కూర్చున్నారు.

"ఇప్పుడు ఇదంతా ఎక్కాలంటావా ఐలయ్యా?"

"శిఖరం పైనే ఉంది సార్."

బుచ్చయ్య మాట అందుకున్నాడు. "అధికారి ఏడ కూసుంటె గదే ఆఫీసు గద సార్. మనం ఊర్లకు వోతె క్యాంపు అని రాసుకుంటలేమా? శిఖరం గూడ జర కిందికి క్యాంపు వస్తది. తప్పేంది?"

తప్పు ఎక్కడుందో నేనూ వెతికాను, నా నిబంధనల్లో దొరకలేదు. గుట్టను చుట్టిపోయే రోడ్డు పక్కన, బస్సులు ఆగేచోట షామియానా వేయించాం. "శిఖరము" అన్న బోర్డు దానికి కట్టాం. కిరాయి కుర్చీలో సుధాకర్ గారు ఆసీనులై, డైరీలో "ఉదయం 8 నుండి 12 వరకు శిఖరమున, కుర్చీ నం. 17 నందు" అని రాసుకున్నారు. శిఖరం మారితే ఆ నోటీసు శిఖరం మీదే అంటించాలన్నది ఇరవై రెండో నిబంధన. షామియానా గుంజకు అంటించాం. అదే శిఖరం కనుక నిబంధన పాటించినట్టే.

నలభై ఒక్కమంది రోడ్డు వెంట వచ్చి, శిఖరం ఎక్కి (అంటే కార్పెట్ మీదికి), మజ్జిగ తాగి, ముద్ర వేయించుకుని వెళ్లారు. గుట్ట మీదికి కాలిబాట షామియానాకు ఫర్లాంగు ఇవతలే చీలుతుంది. ఎనిమిదిన్నరకు ఆ బాట మీద, సగం గుట్ట పైన, అద్దాల లంగా ఒకటి తళుక్కుమనడం నేను చూశాను. పిలుద్దామనుకున్నాను. అంతలో పన్నెండో నంబరు వచ్చి ముద్ర కోసం చెయ్యి చాచాడు. ఆ తర్వాత పదమూడో నంబరు వచ్చాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు మిర్యాలగూడలో, రైసుమిల్లుల ఊక పొగలో, ముగింపు తాడు పట్టుకుని నిలబడి ఉన్నాం. రోడ్డు మలుపులో మొదట ఒక కుర్చీ కనిపించింది. నాలుగు కాళ్లూ ఆకాశానికి పెట్టి, నింపాదిగా, ఒకే వేగంతో వస్తోంది. దగ్గరికి వచ్చాక దాని కింద కమ్లి కనిపించింది. తాడు దాటి, కుర్చీ దించి, చెంగుతో దాని మీది దుమ్ము తుడిచింది.

"గుట్ట మీద ఎవ్వలు లేరు సారూ," అంది నాతో. "గంట సేపు సూసిన. ముద్రేసెటోళ్లు రాలే. నువ్వు జెప్పినట్టె సర్కారు వస్తువ తెచ్చిన. నంబరు గూడ ఉన్నది, సూడు."

చూశాను. పదిహేడు.

సుధాకర్ గారు కూడా వంగి నంబరు చూశారు. "ఏమ్మా, నిన్ను కుర్చీ ఎవరు తెమ్మన్నారు?"

"తొమ్మిదో నంబరు రూలు సారూ."

మిగతావాళ్లు ఇంకా దారిలోనే ఉండగా, అర్ధగంట తర్వాత బుచ్చయ్య బామ్మర్ది వడ్ల ట్రాక్టర్‌లో వచ్చి దిగాడు. కాళ్లకు దుమ్ము లేదు. ట్రాలీలో ఉన్నంతసేపూ ఆయన ఉన్నచోటనే పరుగెత్తుతూ ఉన్నాడని డ్రైవర్ వాంగ్మూలం ఇచ్చాడు. ఆయనకు శిఖరం ముద్ర ఉంది. కమ్లికి కుర్చీ ఉంది. ఎవరు మొదటివాళ్లో తేల్చడానికి సోమవారం నుంచి విచారణ మొదలైంది. విచారణ సంఘంలో సుధాకర్ గారు, బుచ్చయ్య, నేను. ముగ్గురమూ ఘటన తెలిసినవాళ్లం కనుక వేరేవాళ్లను ఇబ్బంది పెట్టలేదు.

చిక్కు చాలా సున్నితమైనది. కుర్చీ శిఖరం మీద ఉందని సుధాకర్ గారి డైరీ చెబుతోంది. ఆ కుర్చీని కమ్లి శిఖరం నుంచి తెచ్చిందని ఒప్పుకుంటే, అందులో అధికారి లేడని ఒప్పుకోవాలి. అధికారి ఉన్నాడని ఒప్పుకుంటే, కమ్లి ఆయన్ను కింద పడేసి కుర్చీ తెచ్చిందనుకోవాలి. బుచ్చయ్య రెండోదానికే మొగ్గాడు గానీ, సుధాకర్ గారికి దెబ్బలేవీ లేకపోవడం అడ్డు వచ్చింది. మంగళ, బుధ, గురువారాలు ఇలాగే గడిచాయి. కుర్చీ గది మధ్యలో ఉండేది. కమ్లి, గేమ్యా వరండాలో కింద కూర్చునేవాళ్లు. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదని గేమ్యా రోజుకు ఒకసారి అనేవాడు, ఎవరినీ ఉద్దేశించకుండా.

శుక్రవారం మధ్యాహ్నం సుధాకర్ గారు తలుపు దగ్గరగా వేశారు.

"ఐలయ్యా, స్టాకు రిజిస్టరులో నీ సంతకం ఉంది. నీకు సర్వీసు ఇంకా ఏడేళ్లు ఉంది కదా?"

"ఉంది సార్."

"రాసేది నువ్వే. ఎవరికీ నష్టం లేకుండా ఒక్క వాక్యం రాయవయ్యా."

రాశాను. "కుర్చీ నం. 17 శిఖరమునకు వెళ్లి, యథాతథముగా తిరిగి వచ్చినది." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అధికారి శిఖరం మీదే ఉన్నారు, బామ్మర్ది గెలిచాడు, సర్కారు సొమ్ము క్షేమంగా చేరింది. సాయంత్రం నాలుగింటికి దాన్ని వరండాలో చదివి వినిపించాను. కమ్లి ఎప్పటిలాగే శ్రద్ధగా విన్నది.

"కుర్సికి రాసినవ్," అంది. "నేను మోసిన అని ఒక్క ముక్క రాస్తె ఏం వోతది సారూ? ఐదు గొట్టంగ హాస్టల్ల కాయితం ఇయ్యాలె."

"రిజిస్టరులో మోసినవారి పేరు రాయడానికి గడి లేదు కమ్లీ," అన్నాను.

అది కూడా నిజమే. రిజిస్టరు ఆమె చేతికిచ్చి చూడమన్నాను. ఏడు పాసైన మనిషి కాబట్టి గడులన్నీ వరసగా వేలుపెట్టి చదివింది. వస్తువు, నంబరు, తేదీ, ఎచటనుండి, ఎచటికి, అధికారి సంతకం. మళ్లీ మొదటినుంచి చదివింది. తర్వాత రిజిస్టరు మూసి, రెండు చేతులతో నాకు తిరిగిచ్చింది. నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది, ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు. సోమవారం నుంచి మామూలుగానే తిన్నాను.

అటెండర్ పోస్టు బుచ్చయ్య బామ్మర్దికి రాలేదు, అది ఆడవాళ్ల పోస్టు. ఎవరూ సర్టిఫికెట్ తేలేదని దాన్ని రద్దు చేశారట. ఆ ఎండాకాలం కమ్లి బిడ్డ మూడోసారి గుట్టెక్కి వచ్చేసింది. ఈసారి తిరిగి పోలేదు.

1999లో నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభలో శాలువా కప్పి, "దుర్గమ శిఖరమున విధులు నిర్వర్తించినందుకు" అని ఒక ప్రశంసాపత్రం, దానితోపాటు పాతబడిందని కొట్టివేసిన పదిహేడో నంబరు కుర్చీ ఇచ్చారు. అప్పటికి సూర్యాపేటలో మా ఇంటి మీద ఇంకో అంతస్తు కడుతున్నాం. రిక్షావాడు కుర్చీని గేటు దగ్గర దించి పోయాడు. నేను ఎత్తబోయి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాను. పైన ఇటుకలు మోస్తున్న ఆడకూలీలలో ఒకామె చూసి, కిందికి దిగి వచ్చి, కుర్చీని తలకెత్తుకుంది. ఆమె పైకి పోయాక గానీ నేను గుర్తుపట్టలేదు. ఆమె గేటు దగ్గరే, నంబరు చూసి, గుర్తుపట్టిందట.

నేను మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి చేరేసరికి కమ్లి కుర్చీని గోడవారగా సరిగ్గా వేసి, చెంగుతో దుమ్ము తుడిచి నిలబడి ఉంది.

"మీదికి తెచ్చిన సారూ," అంది. "ఈ మాటు నువ్వు గూడ వచ్చినవ్. ముద్రేస్తవా?"

ముద్ర ఆఫీసులో అప్పగించి వచ్చానని చెప్పాను. (రసీదు ఉంది.)