రంపానికి మందం లేదు

రంపానికి మందం లేదని కొలతల శాఖ ఉత్తర్వు వేసిన నాటి నుంచి, కోతలో తరిగిపోయిన కర్రను కోసిన వడ్రంగి ఎత్తులోంచి మినహాయించుకోవడం మొదలైంది.

ఇందులో తికమక ఏమీ లేదు. ఎనిమిదడుగుల పలక అంటే తొంభై ఆరు అంగుళాలు. దాన్ని నాలుగు రెండడుగుల ముక్కలు చేయాలంటే మూడుచోట్ల రంపం పడాలి. పడిన ప్రతిచోటా ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, పొట్టయి కింద రాలుతుంది. మూడు ముక్కలు నిండుగా వస్తాయి. నాలుగోది మూడు నూళ్ళు తక్కువ వస్తుంది. రంపం పుట్టినప్పటి నుంచీ ఇంతే. శాఖవారి అంచనాలో మాత్రం తొంభై ఆరుని ఇరవై నాలుగుతో భాగిస్తే నాలుగు వచ్చింది, శేషం సున్నా వచ్చింది. మరి ఆ మూడు నూళ్ళు ఎక్కడికి పోయాయని ఆడిట్‌వారు అడిగారు. పొట్టును కర్రగా గుర్తించే నిబంధన లేదు. రంపం పట్టుకున్నది వడ్రంగి. ఆ సమయంలో పలక పక్కన ఇంకెవరూ లేరు.

రేపూరులో సోమలింగాచారి అనే వడ్రంగి ఉన్నాడు. కొలతల శాఖ రికార్డు గదికి అలమరలు చేసే పని అతనిదే. సాయంత్రం రంపం గోడకి తగిలించగానే మడమల దగ్గర ఎవరో మెత్తగా లాగినట్టుండేది. నొప్పి లేదు. నొప్పి లేదు కనుక పరిహారమూ లేదని వివరణ ఉత్తర్వు ఒకటి వచ్చింది. అయిదున్నర అడుగుల మనిషి ఎనభై పలకలు కోసేసరికి మూడడుగులకి దిగాడు.

ఊరు త్వరగానే అలవాటు పడింది. ప్రభుత్వం వడ్రంగులకి బస్సులో అర టికెట్టు పథకం పెట్టింది. ప్రారంభోత్సవానికి సోమలింగాన్నే పిలిచి, అందరికీ కనపడాలని కుర్చీ ఎక్కించి, మెడలో దండ వేశారు. దండ నేలకి తగిలింది. పేపర్లో ఫోటో బాగా వచ్చింది.

అతని భార్య కామాక్షి ఆ ఫోటోని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేసింది.

"ఎందుకే, బాగానే ఉందిగా?" అన్నాడు సోమలింగం. పని బల్ల అందక పక్కన పెట్టెమీద నిలబడి ఉన్నాడు.

"నువ్వు దిగు ముందు. పడితే ఇంకో అంగుళం పోద్ది."

ఆ బల్ల కాళ్ళు కోసి ఎత్తు తగ్గిద్దామని వాళ్ళు ముందే అనుకున్నారు. కుదరలేదు. పని బల్ల ఎత్తు శాఖ లెక్కల్లో నమోదై ఉంటుంది. దాన్ని అరడుగు తగ్గిస్తే ఆ అరడుగూ సోమలింగంలోంచే పోతుంది. అప్పుడు అతనికి బల్ల మళ్ళీ అంతే ఎత్తు. పని మానేద్దామన్నా వీల్లేదు. ఒప్పుకున్న పని మధ్యలో వదిలేస్తే, కోయని పలకల తరుగు కూడా ఒకేసారి తీసుకుంటారు.

ఇంకా యాభై పలకల పని ఉంది. అందులో నలభై పలకలు రెండడుగుల అరలకి, పది పలకలు అడుగున్నర అడ్డుపలకలకి. అడ్డుపలకలతో బాధ లేదు. ఒక్కో పలకలో అయిదు కోసినా చివర్న ఇంకా కొంత మిగులుతుంది. కొంప ముంచేవి అరలే. నలభై మూళ్ళు నూట ఇరవై నూళ్ళు. అంటే పదిహేను అంగుళాలు. ఉన్న మూడడుగుల్లోంచి పదిహేను అంగుళాలు పోతే మిగిలేది ఇరవై ఒకటి.

శాఖ నిబంధనల్లో రెండడుగులు ఒక గీత. దాని కింద ఉన్నదాన్ని మనుషుల పద్దులోంచి తీసి సామాన్ల పద్దులో రాస్తారు.

కామాక్షి చీర కొంగు దోపుకుని కొలతల శాఖకి బయల్దేరింది.

అక్కడ అసిస్టెంట్ అధికారి విరూపాక్షం ఆమెకి అక్క కొడుకు వరస. వడ్రంగి ఇంట్లో పుట్టి, చదువుకుని, రంపానికి మందం లేదన్న ఉత్తర్వుకి తన చేత్తో చిత్తుప్రతి రాసినవాడు. పిన్నిని చూడగానే లేచి కుర్చీ వేశాడు.

"రా పిన్నీ, కూర్చో. టీ తాగుతావా?"

"కూర్చోటానికి రాలా. రంపానికి మందం ఉందా లేదా? నీ నోటితో చెప్పు."

"ఉంది పిన్నీ. ఎందుకు లేదు? మా నాన్న పక్కన కూచుని రంపానికి పళ్ళు తీర్చినోణ్ణి. నాకు తెలవదా?"

"మరి లేదని ఎట్టా రాశావురా?"

"ఉందని రాస్తే దానికో కాలమ్ పెట్టాలి. కాలమ్ పెడితే ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదని అడుగుతారు. ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి. పైవాళ్ళకీ తెలుసు పిన్నీ. ఆడిట్‌వాళ్ళకీ తెలుసు. తెలియనోడు ఈ బిల్డింగులో ఒక్కడు లేడు."

ఆ మాట అతను చాలా మామూలుగా అన్నాడు. తెలియక చేస్తున్నారేమో, చెబితే వింటారేమో అని దారి పొడుగునా లెక్క నెమరు వేసుకుంటూ వచ్చింది కామాక్షి. ఆ లెక్క నోట్లోనే ఉండిపోయింది. చెంప పగలగొట్టాలనిపించి చెయ్యి లేవబోయింది. కానీ ఇంట్లో మనిషి మూడడుగులున్నాడు.

"మీ నాన్న ఎట్టా ఉన్నాడు?" అంది చివరికి.

"బాగున్నాడు. ఇక్కడే రికార్డు గది అలమరలో పై అర ఖాళీ చేసి పడుకోబెట్టాం. ఫ్యాను గాలి బాగా తగులుద్ది. కింద ఉంటే పిల్లి బాధ."

"తిండి?"

"ఓ చెంచాడు. అమ్మకి పని తగ్గింది."

కామాక్షి టీ ముట్టుకోకుండా వచ్చేసింది.

ఇంటికి రాగానే కొట్టు నేలమీద సుద్దముక్కతో పలక గీత గీసింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ కొట్టులో కొలతలు వేసేది ఆమే, కోసేది అతను. ఒక్కో పలకలోంచి నాలుగు అరలు తీస్తేనే తగువు. మూడే తీసి, మిగిలిన దాంట్లో ఒక అడ్డుపలక తీస్తే? మూడు ఇరవై నాలుగులు డెబ్భై రెండు, పద్దెనిమిది కలిపితే తొంభై. నాలుగు కోతలకి అర అంగుళం. తొంభైన్నర. పైన అయిదున్నర అంగుళాల ముక్క మిగులుతుంది, అది పొయ్యిలోకి. ఏ ముక్కా ఒక్క నూలు తగ్గదు. తగ్గనప్పుడు మినహాయించేదీ లేదు.

"కావలసిన అరలు నూట అరవై," అంది. "పలకకి మూడు చొప్పున యాభై మూడు పలకలు. నూట యాభై తొమ్మిది వస్తాయి. ఇంకొక్క అర ఎక్కణ్ణుంచైనా తేవాలి. అడ్డుపలకలు యాభై చాలు, అవీ వచ్చేస్తాయి."

"ఇచ్చింది యాభయ్యేగా?"

ఆమె తలెత్తి పైకి చూసింది. అటక మీద సోమలింగం తండ్రి పరిచిన పలకలు ఉన్నాయి.

మూడు పలకలు అక్కణ్ణుంచి దించారు. తక్కువైన ఆ ఒక్క అరకీ వంటింటి కిటికీ రెక్క పీకారు. రంగు వేస్తే ఏది ఇంటిదో, ఏది శాఖదో బ్రహ్మకి కూడా తెలియదు. కామాక్షి గీత గీయడం, సోమలింగం పెట్టెమీద నిలబడి కోయడం. ప్రతి సాయంత్రం రంపం తగిలించాక ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూసేవారు. మడమల దగ్గర లాగుడు లేదు. ఆమె అతణ్ణి గోడకి ఆనించి గుర్తు పెట్టేది. పాత గుర్తుమీదే పడేది.

"చూశావా, ఏం తగ్గలా!" అనేవాడు సోమలింగం, పరీక్ష పాసైన పిల్లాడిలా.

"గొప్పలొద్దు. రేపు చూద్దాం," అనేది గానీ, ఆ రోజుల్లో ఆమె కూరలో ఉప్పు సరిగ్గా వేసింది.

పని పూర్తయ్యింది. అలమరలు బండికెత్తే రోజు కామాక్షి చెల్లెలి ఇంట్లో సీమంతానికి వెళ్ళింది.

వడ్రంగుల్లో ఒక ఆనవాయితీ ఉంది. పని అప్పజెప్పేటప్పుడు మిగిలిన ముక్కలన్నీ తాడుతో కట్ట కట్టి యజమానికి ఇవ్వాలి. చిన్నదైనా సరే. కర్ర ఇచ్చినవాడిది. ముక్క దాచుకున్న వడ్రంగిని కులంలో మనిషిగా చూడరు. సోమలింగం తాత చేశాడు, తండ్రి చేశాడు. సోమలింగం ఆలోచించనైనా లేదు. అయిదున్నర అంగుళాల ముక్కలు యాభై మూడు ఏరి, పొట్టు దులిపి, కట్ట కట్టి, బండిలో అలమరల పక్కన పెట్టించాడు. అందులో మూడు ముక్కలు సొంత అటకవి. అవీ వదల్లేదు.

ఆమె తిరిగొచ్చి, మిగులు ముక్కలు పోసిన మూల ఖాళీగా ఉండటం చూసి అడిగింది. అతను చెప్పాడు.

"నీ ఆనవాయితీ తగలెయ్య! పొయ్యిలో పెట్టమని చెప్పానా లేదా?"

"ఆళ్ళ కర్రే. మనమెట్టా కాలుస్తాం?"

"నీ కాళ్ళు మోకాళ్ళు ఆళ్ళే కాల్చుకు తిన్నారు కదయ్యా! ఆళ్ళు నీకు కట్ట కట్టి ఇచ్చారా?"

అతను నేల చూపులు చూశాడు. నేల దగ్గరగానే ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే విరూపాక్షం జీపులో వచ్చాడు. చెప్పులు బయట విప్పి, పిన్నికి నమస్కారం పెట్టి, లోపల పీట మీద కూర్చున్నాడు.

"బాబాయ్ పని అద్భుతం పిన్నీ. పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఒక్క ముక్క తగ్గలా. పైగా మిగిలింది కూడా."

"ఆ మిగిలింది మా అటక. మా కిటికీ చూడు, గోనెపట్టా కట్టుకున్నాం."

"నిజమే. ఆ రంగు కింద మీ కర్ర ఉందని నాకు తెలుసు. కానీ మీరు బయటి కర్ర కలిపారని రాస్తే అది వేరే నేరం. అందుకని రాయలేదు." అతను గొంతు సవరించుకున్నాడు. "రికార్డు ప్రకారం యాభై పలకలిస్తే అరలన్నీ నిండుగా వచ్చాయి, పైన పలకకి అయిదున్నర అంగుళాల ముక్కా వచ్చింది. అంటే మొదటి ఎనభై పలకల్లోనూ రావాల్సిందేగా? ఎనభై అయిదున్నరలు నాలుగు వందల నలభై అంగుళాలు. అవి బాబాయ్ అప్పజెప్పలేదు."

"మా ఆయన దగ్గర ఉన్నదే ముప్ఫై ఆరు."

"అందుకే మానవతా నిబంధన ఉంది. తొమ్మిది అంగుళాలు మనిషికి వదిలేస్తారు. మనిషన్నాక చెంచా పట్టుకోడానికైనా చేతులుండాలిగా."

సోమలింగం లేచాడు. గోడ దగ్గరికి నడిచి, తనంతట తనే రంపం అందుకోబోయి, అందక, కామాక్షి వైపు చూశాడు. ఆమె తీసి మళ్ళీ కొక్కేనికి సరిగ్గా తగిలించింది. మడమల దగ్గర లాగింది. ఈసారి లాగుడు చాలాసేపు సాగింది. చివరికి అతని చొక్కా నేలమీద కుప్పగా పడింది. ఆ కుప్ప కదిలింది.

కామాక్షి చొక్కాతో సహా అతణ్ణి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"సామాను పద్దులో రాయించాలి పిన్నీ. సామాను రికార్డు గదిలో ఉంచాలని రూలు. బాబాయ్ చేసిన అలమరలోనే మంచి అర చూసి పెట్టిస్తాలే. మా నాన్నకి మల్లే పై అర."

"ఆదివారాలు చూడనిస్తారా?"

"రెండో శనివారం."

ఇక్కడ ఆమె అరవాలి. అరిచింది కూడా. విరూపాక్షాన్ని, అతని తల్లిని, శాఖని, రేపూరుని, అర టికెట్టుని, దండని, దండ వేసిన చేతుల్ని పేరుపేరునా తిట్టింది. వీధిలో జనం గుమ్మం దాకా వచ్చి విన్నారు. విరూపాక్షం మధ్యలో లేవకుండా, వాచీ చూసుకోకుండా పూర్తిగా విన్నాడు. తిట్లు వినడానికి శాఖలో అనుమతి ఉంది. ఆమె ఆయాసంతో ఆగినప్పుడు అతనే మంచినీళ్ళు ముంచి ఇచ్చాడు. గుమ్మంలో జనం ఆమె చెప్పింది అక్షరాలా నిజమని ఒకరితో ఒకరు అనుకుంటూ ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

"మిగతాది వాయిదాల్లో కట్టొచ్చు," అన్నాడు విరూపాక్షం. "లైసెన్సు నీ పేరు మీదికి మారుస్తారు. కొత్త అలమరలకి టెండరు వచ్చింది, అన్నీ రెండడుగుల అరలే. పలకకి మామూలు మూడు నూళ్ళు చాలు. ఎత్తు రాసుకోవాలి, గోడకి ఆనుకో పిన్నీ."

ఆమె సోమలింగాన్ని పని బల్ల మీద, గాలి రాని వైపు పడుకోబెట్టింది. కళ్ళు తుడుచుకుని గోడకి ఆనుకుంది.

"కొప్పు లెక్కలోకొస్తుందా?"

"రాదు. కొప్పు నీదే."

అయిదడుగుల రెండంగుళాలు. అతను రాసుకుంటుండగా కామాక్షి నేల మీది సుద్దగీతల వైపు చూస్తూ పెదాలు కదిపింది. అరవై రెండులోంచి సామాన్ల గీత ఇరవై నాలుగు పోతే ముప్ఫై ఎనిమిది. ఎనిమిదితో హెచ్చిస్తే మూడు వందల నాలుగు నూళ్ళు. మూడుతో భాగిస్తే నూటొకటి, ఒక నూలు శేషం.

"టెండరు ఎన్ని పలకలది?"

"వంద."

"సరిపోతాను," అంది కామాక్షి.