లిఫ్టులో వెలసిన దేవుడు

నాకున్న భయాల్లోకెల్లా పెద్దది ఒక్కటే. మా బుజ్జిదానికి ఆయాసం వచ్చిన రోజునే లిఫ్టులో దేవుడు ఉంటాడేమోనని.

తెలియనివాళ్లకు చెబుతాను. మాది ఐదంతస్తుల భవనం. మేముండేది ఐదో దాంట్లో. బుజ్జిదానికి మూడేళ్లు. దుమ్ము తగిలినా, పొగ తగిలినా దాని గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. అప్పుడు ఎత్తుకుని వీధి చివరి ఆసుపత్రికి పరిగెత్తి, మూతికి ఆవిరి మాస్కు పెట్టించాలి. ఆ పరుగులో లిఫ్టు విలువేమిటో పిల్లల తల్లులకు వేరే చెప్పక్కర్లేదు.

కిందటి వినాయక చవితికి విగ్రహం ఎక్కడ పెట్టాలా అని భవన కమిటీ సమావేశమైంది. కింద పెట్టాలంటే ఎవరో ఒకరు కారు తీయాలి. భక్తిలో ఎవరూ ఎవరికీ తీసిపోరు గానీ, కారు తీయడంలో అందరూ ఏకగ్రీవంగా వెనకబడ్డారు. చివరకు అధ్యక్షులవారు లేచి, "దేవుడి దగ్గరికి మనం వెళ్లడం పాత పద్ధతి. మన గుమ్మంలోకే దేవుణ్ణి రప్పించుకోవడం కొత్త పద్ధతి," అని సెలవిచ్చి, లిఫ్టును మండపంగా ప్రకటించారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. చంకలో పిల్ల ఉంది కాబట్టి ఒంటి చేత్తో, తొడ మీద.

అప్పటినుంచి ఏ పండుగకైనా లిఫ్టే గుడి. ప్రతి పండుగకూ ఒక విశిష్టత ఉంటుందనీ, అది తెలుసుకోకుండా చేస్తే ఫలం దక్కదనీ కమిటీవారు నోటీసు అంటిస్తారు. నాది మధ్యలో ఆగిపోయిన చదువు, ఇలాంటివి నెమ్మదిగా ఎక్కుతాయి. కానీ ఎక్కాయి. దీపావళి చీకటి మీద వెలుగు గెలిచిన రోజు కనుక లిఫ్టులో బల్బు పీకేసి ప్రమిద పెట్టారు. ఉత్తరాయణంలో సూర్యుడు ఉత్తరానికి నడుస్తాడు, పటంలో ఉత్తరం పైన ఉంటుంది కనుక లిఫ్టులో జనం పైకి వెళ్లడానికే అనుమతి. దిగడానికి మెట్లు. లిఫ్టు మాత్రం ఒంటరిగా కిందికి దిగవచ్చునని తర్వాత సవరణ వచ్చింది. శివరాత్రికి జాగరణ చేయాలి కనుక అందరి తరఫునా లిఫ్టు చేత చేయించారు. తెల్లారేదాకా అది ఖాళీగా ఎక్కుతూ దిగుతూ ఉంటే మేమంతా హాయిగా పడుకున్నాం.

తొలి ఏకాదశికి విష్ణుమూర్తి నాలుగు నెలల నిద్రకు ఉపక్రమిస్తాడు. చప్పుడుకు నిద్రాభంగం కాకూడదని మామూలు జనానికి లిఫ్టు పూర్తిగా ఆపేశారు. ఇంతలో కృష్ణాష్టమి వచ్చింది. నిద్రపోతున్న దేవుడికి పుట్టినరోజేమిటని మా అత్తయ్య నోరు జారింది.

"మీ మనవరాలు నిద్రపోతోందని దాని పుట్టినరోజు మానేస్తారా పిన్నిగారూ?" అన్నారు అధ్యక్షులవారు.

అత్తయ్య ఆ మాటకు పడిపోయింది. మాది పాతకాలపు లిఫ్టు, కటకటాల తలుపు. అది దానంతటదే తెరుచుకుంటోందని నేను ఫిర్యాదు చేశాను. కృష్ణుడు పుట్టినప్పుడు చెరసాల తలుపులూ అలాగే తెరుచుకున్నాయి కదా, దానికి మెకానిక్‌ను పిలవడం అపచారం కాదా అని నన్నే అడిగారు.

ఇవాళ మళ్లీ చవితి. పొద్దున్నే పంతులుగారు విగ్రహంతో సహా లిఫ్టెక్కారు, ప్రతి అంతస్తులో ఆగి హారతి ఇవ్వాలని. రెండో అంతస్తు దాటి మూడోది రాకముందే లిఫ్టు బిగుసుకుపోయింది. రెండో అంతస్తువాళ్లకు కటకటాల పైభాగంలో పంతులుగారి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. మూడో అంతస్తువాళ్లకు అడుగున శిరస్సు మాత్రమే.

అగరొత్తుల పొగ మెట్ల మీదుగా పాకి మా ఇంట్లోకి వచ్చింది. బుజ్జిదానికి పిల్లికూతలు మొదలయ్యాయి. దాన్ని భుజాన వేసుకుని దిగాను. మూడో అంతస్తులో జనం సాష్టాంగపడి ఉన్నారు. శిరోదర్శనానికి అదే అనువైన భంగిమ. వాళ్లను దాటుకుంటూ పోతుంటే లోపలినుంచి గొంతు వినిపించింది.

"బాబూ, తలుపు తీయించండి. పొగకి ఊపిరాడటం లేదు."

"విన్నారా?" అన్నారు అధ్యక్షులవారు గద్గదంగా. "దేవుడు మన మనసుల తలుపు తీయమంటున్నాడు. శివరాత్రి నోటీసులో చదువుకున్నాం కదా, ఆ అగ్నిస్తంభం మొదలూ తుదీ బ్రహ్మవిష్ణువులకే దొరకలేదు. మనకి పాదాలు ఒక అంతస్తులో, శిరస్సు ఇంకో అంతస్తులో దొరికాయి. ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో."

"ఆయన మన పంతులుగారండీ," అన్నాను. "మెకానిక్‌కి ఫోన్ చేయండి."

"నంబరు లిఫ్టు లోపలే ఉంటుందమ్మా. దాని మీదే మండపం మేకులు కొట్టాం. అయినా విఘ్నేశ్వరుడి పండుగనాడు విఘ్నం వచ్చిందంటే సాక్షాత్తూ ఆయనొచ్చినట్టే. నువ్వు పిల్లని పట్టుకుని జాగ్రత్తగా దిగు తల్లీ."

రెండో అంతస్తులో ఒకావిడ కటకటాల్లోంచి చేయి దూర్చి ఆ పాదాలకు పసుపు రాస్తోంది. పాదాలు చటుక్కున వెనక్కి జరిగాయి. ఎంత వినయమో చూశావా అని నన్నడిగింది.

ఇప్పుడు ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఉన్నాను. బుజ్జిదాని మూతికి మాస్కు ఉంది. పిల్లికూతలు తగ్గాయి గానీ ఇప్పుడప్పుడే కదలొద్దంది డాక్టరమ్మ. అత్తయ్య ఫోన్ చేసింది. కటకటాల సందులోంచి అరటిపళ్లు తోస్తున్నారట, నైవేద్యంగా. పంతులుగారు ఒకటి తింటే చూసి జనం కళ్లనీళ్లు పెట్టుకున్నారట, ఇన్నేళ్లలో ఏ విగ్రహమూ తినలేదు కదా. అరుపులు ఆగిపోయాయట. మౌనంలోకి వెళ్లారని అధ్యక్షులవారు ప్రకటించారు. ఇకమీదట ఏటా ఈ రోజును ప్రత్యేక పండుగగా జరపాలని తీర్మానం కూడా అయిపోయింది. విశిష్టత ఇంకా దొరకలేదు, వెతుకుతున్నారు.

"ఆయనకి మంచినీళ్లన్నా ఇచ్చారా అత్తయ్యా?" అని అడిగాను.

"అభిషేకం చేశారే," అంది.

బుజ్జిదాన్ని వదిలి నేను కదలలేను. మీరెవరైనా సరే, దారిలో ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకుని మా పంతులుగారిని ఒక్కసారి చూసి రండి. అక్కడికి వెళ్లాక ఆ గంటలూ ఆ గుంపూ చూసి చేతులు జోడించాలనిపిస్తుంది, కాస్త ఆపుకోండి. దండం పెట్టేవాళ్లు మా దగ్గర కావలసినంతమంది ఉన్నారు.