పసుపు నిలవదు

ఆ ఉదయం కరుణశ్రీ అనుకున్న పని ఒక్కటే: ఆర్మూర్ పోయి విత్తనానికి పసుపు కొమ్ములు చూసి రావాలి. మృగశిర కార్తెతో మిరుగు వానలు పడ్డాయి. పెర్కిట్ దగ్గర చేను ఆమె పేరు మీదే ఉంది. ఏ నేలకు ఏ పంట సరిపోతుందో చెప్పే యాప్ వచ్చిందని, దాన్ని అడిగి చెప్తానని దుబాయిలో ఉన్న భర్త గంగాకిషన్ మాటిచ్చాడు.

రాత్రంతా ఆగిపోయి ఉన్న ఫోనును ఇంట్లోనే ఛార్జింగ్‌కు పెట్టి, ఆన్ చేసి ఆమె ఆటో ఎక్కింది. అంతలోనే ఫోను టింగుమంది. కొడుకు ఏమైనా పంపాడేమోనని అత్త వెంకవ్వ నొక్కింది. ఒక ఆడగొంతు తాపీగా పలికింది.

"కరుణశ్రీ గారూ, మీ పసుపు నిలవదు..."

వెంకవ్వ చేతిలోని చాట కింద పడింది. ఆ తర్వాతి మాటలేవీ ఆమె చెవికెక్కలేదు. కోడలి పసుపు నిలవకపోవడమంటే కొడుకు లేకపోవడమే. కొడుక్కి ఫోను కలిపింది. స్విచ్చాఫ్.

"ఓ కొడుకా! బస్సు కిటికీలకెల్లి చెయ్యూపినవు గదరా, గదే ఆఖరా!"

పక్కింటి నీలవ్వ పరుగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా?"

"దుబాయికెల్లి ఎవలో ఆడిమనిషి చెప్పింది. నా కోడలి పసుపు నిలువదంట!"

"ఆఫీసోళ్లా?"

"ఏమో! గారూ అన్నది."

"గారూ అన్నదంటే ఆఫీసే," నీలవ్వ తేల్చేసింది.

కాసేపటికి దొంకేశ్వర్ చుట్టాలు ఆటో నిండా దిగారు. నీలవ్వ భర్త లక్ష్మీనర్సయ్యది టెంటు దుకాణం. ఎవరూ అడగకముందే టెంటు కట్టి కుర్చీలు వేసేశాడు.

మచ్చుకు నాలుగు పసుపు కొమ్ములు కొంగున కట్టుకుని కరుణశ్రీ వచ్చింది. ఆ కొంగు చూసి ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. "మా అత్తమ్మకేమైంది?" అని ఆమె కూడా ఏడుపందుకుంది. ఆమెను పట్టుకుని ఏడుస్తున్నది ఆ అత్తే. సంగతి తెలిశాక కరుణశ్రీ కొంగులోని కొమ్ములను గట్టిగా పట్టుకుంది. ఉన్నచోటే కూలబడింది.

అప్పుడే వాకిట్లో ఇంకో ఆటో ఆగింది. సూట్‌కేసుతో గంగాకిషన్ దిగాడు. నెల సెలవు దొరికితే, చెప్పకుండా వచ్చి అందరినీ సంబరపెడదామనుకున్నాడు. విమానంలో బంద్ చేసిన ఫోను మళ్లీ తెరవనేలేదు. టెంటు, కుర్చీలు, ఏడుపులు చూశాడు.

"అమ్మా! నన్ను ఇడిసిపెట్టి పోయినవా!" అని అక్కడే కుప్పకూలాడు.

కుర్చీలోంచి వెంకవ్వ లేచింది. "నేను యాడికి పోయిన్రా? పోయింది నువ్వు గదా!"

కరుణశ్రీ పరుగున పోయి మొగుడి చెయ్యి గిల్లి చూసింది. అతను కెవ్వుమన్నాకే ఆమెకు ఊపిరి తిరిగింది. ఆ తర్వాత అందరూ కలిసి ఫోనులో వచ్చిన మాటలు మళ్లీ పెట్టి చివరిదాకా విన్నారు.

"కరుణశ్రీ గారూ, మీ పసుపు నిలవదు. ఇక్కడిది ఎడారి ఇసుక. ఖర్జూరం వేసుకోండి."

గంగాకిషన్ తల గోక్కున్నాడు. "పేరు నీదే కొట్టిన గని, గా యాపు లొకేషన్ దుబాయిల నా రూముది పట్టుకున్నట్టుంది. రాత్రి బయలెల్లే తొందరల జర ఇనకుండనే పంపిన."

టెంటు కింద అందరూ పడీపడీ నవ్వారు, వెంకవ్వ తప్ప.

"నవ్వుతరేంది? గా పిల్ల తప్పేమన్నది? దుబాయిల మన పసుపు నిలువదన్నది."

నెల తిరిగేసరికి చేనులో పసుపు మొలకెత్తింది. తిరుగు ప్రయాణానికి గంగాకిషన్ తన పాస్‌పోర్టు కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. వెంకవ్వ మాత్రం వంటింట్లో పసుపు డబ్బా మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వడం లేదు.