నీడపట్టున ఆరేయవలసిన బట్ట

గురువారం ఉదయం భ్రమరాంబ వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త పార్థసారథి స్కూటరెక్కి ఆఫీసుకు వెళ్లగానే తను బస్సెక్కాలి. అమీర్‌పేట అవతల ఉన్న ఈతకొలనులో, ఆడవాళ్ల బ్యాచిలో ఓ గంట ఈదాలి. మధ్యాహ్నానికి ఏమీ ఎరగనట్టు ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉండాలి. కొన్నాళ్లుగా ఇదే నడుస్తోంది. ఇందులో పాపమేమీ లేదు. యాభై దాటిన ఆవిడ మోకాళ్లు మెట్లెక్కితే ఏడుస్తాయి, నీళ్లలో దిగితే నోరు మూసుకుంటాయి. ఈదమని డాక్టరే చెప్పాడు. పార్థసారథి మాత్రం, "ఈ వయసులో కొలనులో దూకుతావా? నలుగురూ ఏమనుకుంటారే? బకెట్లో వేణ్ణీళ్లు పోసుకుని కాళ్లు పెట్టుకో" అని తీర్పిచ్చేశాడు. గోదావరి కాలవలో ఈతలు కొడుతూ పెరిగిన మనిషికి బకెట్ చూపించాడు మహానుభావుడు! ఆ గంట కూడా పోతే తన బతుకులో ఇక హాయి అనేది లేదని భ్రమరాంబకు తెలుసు. అందుకే దొంగతనంగా వెళుతోంది.

మొదట్లో కోఠీ ఫుట్‌పాత్ మీద ఒక ఈతదుస్తు కొంది. కొలనులో కలిపే క్లోరిన్‌కి అది నెల తిరక్కుండానే సాగిపోయి, వెనకవైపు వెలుతురు కనిపించేంత పలచబడింది. ఆ సంగతి పక్కావిడ చెబితే సిగ్గుతో చచ్చిపోయి, సికింద్రాబాద్‌లో ఆటసామాన్ల షాపుకు పరిగెత్తింది. అక్కడ కౌంటర్లో ఉన్న దేవిశ్రీ అనే అమ్మాయి ఒక నల్ల బట్టను రెండు చేతులతో బారెడు లాగి వదిలింది. అది టప్పున యథాస్థానానికి వచ్చేసింది.

"చూశారా ఆంటీ, లాగితే ఇలా తిరిగి రావాలి. లైటుకి పట్టి చూస్తే అవతల మనిషి కనపడకూడదు. పాలిస్టర్ కలిసింది తీసుకోండి, క్లోరిన్‌కి తట్టుకుంటుంది. ఈత అవగానే చల్లటి నీళ్లలో జాడించాలి. సబ్బుపొడి వద్దు. పిండొద్దు. తువ్వాల్లో చుట్టి ఒత్తి, నీడలో పరిచి ఆరెయ్యండి. ఎండ తగిలిందా, ఇక చచ్చిందే!"

మోచేతుల నుంచి మోకాళ్ల కిందిదాకా కప్పే ఆ నల్లదాన్ని భ్రమరాంబ పసిపిల్లను తెచ్చుకున్నట్టు తెచ్చుకుంది. కానీ ఆరెయ్యడం ఎక్కడ? ఇంట్లో అయితే పార్థసారథి కంట పడుతుంది. పక్క ఫ్లాటు చలపతిరావుగారు కర్నూలు బదిలీ అయి, తాళంచెవి ఆవిడకే ఇచ్చి వెళ్లారు. ఆ ఖాళీ ఇంట్లో ఒక పడకకుర్చీ ఉంది. జాడించిన దుస్తును దాని మీద పరిచి, తేమ పీల్చడానికి లోపల తువ్వాలు చుట్టి దూర్చేది. నీడే నీడ. ఆ గురువారం కూడా అలాగే చేసి, తాళం వేసి, తన ఇంట్లోకి వచ్చి చిక్కుడుకాయలు ముందేసుకుంది.

అప్పుడు వినిపించింది అరుపు. వాచ్‌మన్ బాలనర్సయ్యది.

హైటెక్ సిటీ అద్దాల మేడ లేచాక మాదాపూర్ చుట్టుపక్కల పొలాలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి. ఈ బిల్డింగు లేచిన పొలం బాలనర్సయ్య పెదనాన్నది. ఆ వేళ బాలనర్సయ్య పైపు లీకేజీ చూద్దామని వరండాలోకి వచ్చి, చలపతిరావుగారి వంటింటి కిటికీ సందులోంచి లోపలికి తొంగి చూశాడు. మిట్టమధ్యాహ్నం. లోపల పడకకుర్చీలో నల్లగా ఒక ఆడమనిషి వెనక్కి వాలి కూర్చుని ఉంది. భుజాలున్నాయి, పొట్ట ఉంది, మోకాళ్లున్నాయి. తల లేదు. ఒంటి నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

"గీడ బావి ఉండెనమ్మా," అన్నాడు, చుట్టూ చేరిన వాళ్లతో. "నా చిన్నప్పుడు మా ఇంట్ల ఒకామె అండ్ల పడి పోయింది. పేరు మాత్రం అడగకున్రి, నేను జెప్ప. పీనుగను దీసినంక బావిల బ్లీచింగ్ పౌడర్ బోసిన్రు. తర్వాత మన్ను బోసి పూడ్చిన్రు. గిప్పుడు గా ఇంట్లకెల్లి గదే వాసనొస్తున్నది."

పై అంతస్తు పార్వతమ్మ గుండె పట్టుకుంది. "అయ్యో, నిజమేనండీ! నాకూ వస్తోంది ఆ వాసన. తడి అడుగులు కూడా చూశాను. మెట్ల మీంచి ఆ గుమ్మం దాకా వస్తాయి. వెనక్కి వెళ్లినట్టు ఒక్కటీ ఉండదు!"

వెనక్కి ఎందుకుంటాయి? సంచీలోని తడిబట్ట కారి తడిసిన పాదాలను భ్రమరాంబ లోపల తుడుచుకుని మరీ బయటికి వస్తుంది. ఆ ముక్క అప్పుడే చెప్పేసి ఉంటే కథ ఇక్కడే అయిపోయేది. చెబితే ఈత పోతుంది. అందుకని ఆవిడ కూడా గుండె పట్టుకుంది.

సాయంత్రానికి వరండాలోకి రావడం అందరూ మానేశారు. కింద అద్దెకుంటున్న తేజ అనే కంప్యూటర్ కుర్రాడు, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఏమవుతాయోనని పగలూ రాత్రీ పనిచేసే ధైర్యశాలి, పరుపు చుట్టుకుని స్నేహితుడి గదికి వెళ్లిపోయాడు. పార్థసారథి అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షుడు. ఆయనకు దయ్యాల మీద నమ్మకం లేదు గానీ భయం మాత్రం ఉంది.

"భ్రమరా, ఆ తాళంచెవి ఇలా ఇయ్యి."

"కనపడటం లేదండీ," అంది భ్రమరాంబ. ఆడిన అబద్ధం అదొక్కటే. పార్థసారథి మొహం పాలిపోయింది. తాళంచెవి కూడా మాయమైందన్న వార్త అయిదు నిమిషాల్లో బిల్డింగంతా పాకిపోయింది. ఆ గుమ్మం ముందు బాలనర్సయ్యను, ఆయన కొడుకునూ కాపలా పెట్టారు. ఇక భ్రమరాంబ లోపలికి వెళ్లే దారి లేదు. శుక్ర, శనివారాలు మంచం మీద పడుకుని గోడవైపు చూస్తూ గడిపింది. గోడ అవతల తన దుస్తు ఒంటరిగా కూర్చుని ఉంది.

ఆదివారం పొద్దున్నే నార్సింగి నుంచి వీరేశం అనే మంత్రగాడిని పిలిపించి తాళం పగలగొట్టారు. అందరూ ఒకరి వెనక ఒకరు నక్కి లోపలికి చూశారు. నల్లటి ఆకారం అలాగే వాలి ఉంది. భ్రమరాంబ మాత్రం కుర్చీ కిందికి చూసింది. తను అడుగుపెట్టి మూడు రోజులైంది, బట్ట ఎప్పుడో ఆరిపోయి ఉండాలి. కుర్చీ కింద గచ్చు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. అంతలోనే ఇంకో బొట్టు పడింది.

వీరేశం వేపకొమ్మ కొనను నల్లబట్ట మెడలో గుచ్చి, పైకి లాగాడు. అది బారెడు సాగింది. కొమ్మ జారగానే టప్పున వెనక్కి వచ్చి కుర్చీకి కొట్టుకుంది. పార్వతమ్మ కెవ్వుమంది. వీరేశం ఎగిరి పార్థసారథి కాళ్ల మీద పడ్డాడు.

"తోలు! ఆమె తోలే ఇది!" అన్నాడు లేస్తూ. "దీన్ని ఎండల బెట్టి, కిరసనాయిలు బోసి కాలవెట్టాలె. ఇగ లేటు జెయ్యద్దు సార్!"

ఎండ! కిరసనాయిలు! భ్రమరాంబకు ఒక్కటే దారి తోచింది. జుట్టు ముడి లాగేసి, కళ్లు పెద్దవి చేసి, ఊగడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు జాతర్లో పూనకాలు చూసింది కదా, అలాగే 'నీళ్లు, నీళ్లు' అని నాలుగు మాటలు అని పడిపోదామనుకుంది. నోరు తెరిచింది. లోపలి నుంచి వచ్చిన గొంతు ఆవిడది కాదు.

"ఆగురా! నా బట్టకు నిప్పు వెడతవారా?"

పార్థసారథి చేతులు వాటంతటవే జోడయ్యాయి. "తల్లీ, మీ... మీరెవరండీ?" కట్టుకున్న భార్యను ఆయన 'అండీ' అనడం అదే మొదటిసారి.

"లచ్చవ్వను. నా బావి పూడ్చి, దాని మీద ఇండ్లు కట్టుకొని పండుకుంటున్నరు. నాకు ఈత గావాలె."

"ఎక్కడ తల్లీ?"

"గీ ఆడామె మోకాళ్లల్ల ఉన్న. దినాం పొద్దుగాల నీళ్లకాడికి తోలుకపో."

"అలాగే తల్లీ. నేనే స్కూటర్ మీద తీసుకెళతాను."

"నా బట్టను ఎండల వెయ్యద్దు."

"వేయనండీ."

"పిండద్దు. సల్లటి నీళ్లల్ల జాడియ్యాలె. తువ్వాలల సుట్టి ఒత్తాలె. సబ్బుపొడి ముట్టియ్యద్దు."

"ముట్టించను. మరి... ఇస్త్రీ?"

"ఇస్త్రీ జేస్తే సంపుత!"

ఆ మాటతో భ్రమరాంబ కుప్పకూలింది. పార్వతమ్మ ఆవిడ మొహం మీద నీళ్లు చల్లింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా బాలనర్సయ్య కూర్చుని ఉన్నాడు. ఏడుస్తున్నాడు.

"అమ్మా, ఆమె మా మేనత్త. గా పేరు మీకెవలు జెప్పిన్రు? నేనెవ్వలకు జెప్పలే."

"నువ్వే చెప్పావు కదయ్యా..." అనబోయి ఆగింది. ఆయన చెప్పలేదు. అక్కడ ఎవరూ చెప్పలేదు. అసలు ఆ మాండలికంలో రెండు మాటలు సరిగ్గా మాట్లాడటం కూడా భ్రమరాంబకు రాదు. గొంతు మండుతోంది. ఒళ్లంతా తడిగా ఉంది. పార్వతమ్మ చల్లిన నీళ్లకే అంత తడుస్తారా అని ఆవిడ ఎవరినీ అడగలేదు. తనకు కావలసింది తనకు దక్కింది. ఎలా దక్కిందని తవ్వుకోవడానికి ధైర్యం చాలలేదు.

సోమవారం నుంచి పార్థసారథి మాట తప్పలేదు. పొద్దున్నే భార్యను స్కూటర్ మీద కొలనుకు తీసుకెళతాడు. ఇంటికి రాగానే లుంగీ ఎగ్గట్టి, ఆ నల్లబట్టను తన చేతులతోనే చల్లటి నీళ్లలో జాడించి, భక్తిగా నీడలో పరుస్తాడు. మోకాళ్లు తేలికపడి భ్రమరాంబ మెట్లు చకచకా ఎక్కేస్తోంది. బిల్డింగులో మరో ఇద్దరు ఆడవాళ్లకు కూడా పూనకం వచ్చే సూచనలున్నాయని చెప్పుకుంటున్నారు. నీళ్లలో మునిగినప్పుడు మాత్రం భ్రమరాంబ కళ్లు గట్టిగా మూసుకుంటుంది, పక్కకు చూడదు.

అపచారం జరక్కూడదని పార్థసారథి రోజూ రెండు టికెట్లు కొంటున్నాడు. గేటు దగ్గర మనిషి రెండూ చింపి చేతిలో పెడతాడు, రెండో ఆవిడ ఏదని ఇంతవరకూ అడగలేదు.