ఫ్యాను ఆపాక

మందు పోసిన పిల్లలు గాల్లోకి తేలతారు కనుక, గాజువాకలోని ఆ శిశు సంరక్షణ కేంద్రంలో మధ్యాహ్నం భోజనాలు కాగానే ముందు సీలింగు ఫ్యానులు ఆపేస్తారు. తర్వాత ఆయా నూకాలు జలుబు సిరప్ సీసా పట్టుకుని వరసగా వస్తుంది. జలుబు ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. సీసా మూతే కొలత. కాసేపటికి పిల్లలు నిద్రలోకి జారి, చాపల మీంచి మెల్లగా పైకి లేస్తారు. నడుముకు కట్టిన తాళ్ల కొసలను నూకాలు కిటికీ ఊచలకు ముడివేస్తుంది. తాడు తల్లిదండ్రులే తెచ్చుకోవాలి. నూలుదే కావాలి, నైలానయితే ఒరుసుకుపోతుందని చేర్చుకునే రోజే చెబుతారు.

హైమవతికి ఇందులో వింతేమీ కనిపించలేదు. బీమా ఆఫీసులో ఆమె పక్క సీట్లవాళ్ల పిల్లలూ ఎక్కడో ఒకచోట తేలుతున్నవాళ్లే. ఆమెను కుదిపేసింది వేరే సంగతి. మూడేళ్ల కూతురు ఉదిత ఈమధ్య సాయంత్రానికి కూడా పూర్తిగా కిందికి దిగడం లేదు. చెప్పులు తొడుగుతుంటే మడమలు నేలకు ఆనడం లేదు. పిలిస్తే ఎక్కడో దూరాన ఉన్నట్టు చూస్తోంది. పిల్లను స్కూటీ మీద ముందు నిలబెట్టుకుని, మోకాళ్ల మధ్య బిగించి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని హైమవతి ఇల్లు చేరుతోంది.

"పడుకున్నాక పాపని ఎవరు చూస్తుంటారు, నూకాలూ?" అని అడిగింది ఓ సాయంత్రం.

"నానే సూత్తానమ్మా. తాడు ఒగ్గేత్తానేటి?"

ఆ మాట అంటున్నప్పుడే నూకాలు కళ్లు మూతలు పడుతున్నాయి. పాపం, ఆమె తప్పేముంది? అంత నిద్ర మధ్య మెలకువగా ఉండడం మనిషి వల్ల అయ్యే పనా!

కేంద్రం నడిపే మంజులగారు ఎంతో మర్యాదగా మాట్లాడారు. "మీ పాపకి సిరప్ మానేస్తామమ్మా, మాకేం? కాకపోతే ఉక్కలో తనొక్కతే చాప మీద కూర్చుని, పైనున్న పిల్లల్ని చూస్తూ ఏడుస్తుంది. చూడగలరా?" హైమవతి చూడలేనంది.

పిల్లల డాక్టరు ఉదితను తూకం మిషను మీద నిలబెట్టించారు. ముల్లు కదల్లేదు. ఆయన ముఖం చిట్లించారు.

"ఏ మందైనా బిడ్డ బరువుని బట్టి పొయ్యాలి. మీరు బరువే లేకుండా చేసి తీసుకొచ్చారు. ఇంక కొలత ఎక్కణ్ణించి తేను? జలుబు మందు నిద్రపుచ్చడానికి కాదమ్మా. దాంతో ఊపిరి కూడా తేలికైపోతుంది. దాన్ని ఏ తాడుతో కడతారు?"

హైమవతి అక్కడే ఏడ్చేసింది. ఇంటికి రాగానే ఆఫీసుకు వారం సెలవు పెట్టింది.

సిరప్ మానేసిన పిల్ల రోజురోజుకీ బరువెక్కింది. మడమలు నేలకు ఆనాయి. గోడల నిండా గీతలు, మంచం మీంచి గంతులు, పప్పుగిన్నె బోర్లా. ఇల్లు పీకి పందిరేసింది. ఆ అడుగుల చప్పుడుకు కింది అంతస్తువాళ్లు వచ్చి నిలదీసి వెళ్లారు. ఈ చప్పుడు వినడానికి ఎంత బాగుందో అనుకుంది హైమవతి, మొదట్లో.

సెలవు ముగిసే రోజున మేనేజరు ఫోనులో మీటింగు పెట్టాడు. "వెనక ఆ గోలేంటి మేడమ్? ఒక్క గంట చూసుకోలేరా?" అన్నాడు. ఒక్క గంటే కదా అనుకుంది ఆమె కూడా. పైగా పొద్దున పాప ఒకసారి తుమ్మింది.

హైమవతి ఫోను మ్యూట్‌లో పెట్టి, లేచి ఫ్యాను ఆపింది.

గంతులేస్తున్న ఉదిత తలెత్తి, నెమ్మదిస్తున్న రెక్కల్ని చూసింది. చప్పుడు చెయ్యకుండా మంచం దిగింది. ఎవరూ చెప్పకుండానే మూలనున్న నూలుతాడు తెచ్చి, అమ్మ చేతిలో పెట్టి, నోరు తెరిచింది.